వంగిన నీళ్ళు

డ్రిల్లు కింద బంతిని బిగించే కొత్త దిమ్మ వచ్చిన రోజున వర్క్‌షాపులో అందరికంటే ఎక్కువ సంబరపడింది మేస్త్రీ. దాన్ని గుడ్డముక్కతో తుడిచి, నూనె రాసి, తనే స్వయంగా మోసుకొచ్చి బంతులక్క మెషిన్ మీద బిగించాడు.

"చూడక్కా. ఒక్కో నీలం బంతికీ నువ్వు పడే తిప్పలు నాకు తెలీవనుకుంటున్నావా? ఇకమీదట ఇలా పెట్టు, ఇలా తిప్పు, మళ్ళీ ఇలా తిప్పు. మూడు రంధ్రాలూ అయిపోయాయి. కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు."

"కళ్ళు మూసుకుని డ్రిల్లు కింద చెయ్యి పెట్టమంటారా?" అంది ఆమె.

మేస్త్రీ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అది బడులకి సైన్సు బొమ్మలు చేసే వర్క్‌షాపు. ముందు గదిలో ప్లాస్టర్‌తో గుండెలూ ఊపిరితిత్తులూ పోతపోస్తారు, మధ్య షెడ్డులో గ్రహాలకి రంగులు వేస్తారు, చివర కిటికీ పక్కన బంతులక్క అణువులు చేస్తుంది. చెక్క బంతులకి రంధ్రాలు వేసి, రంగులో ముంచి ఆరబెడితే పరమాణువులు. వాటిని పుల్లలతో కలిపితే అణువులు. నల్లది కార్బన్, ఎర్రది ఆక్సిజన్, నీలంది నైట్రోజన్, చిన్న తెల్లవి హైడ్రోజన్. ఏ రంధ్రం ఎక్కడ పడాలో ఆమె కొలుచుకోనక్కర్లేదు. బంతిని పట్టుకునే ఇనప దిమ్మలోనే ఆ లెక్కంతా ఉంటుంది. బంతిని బిగించి పిడి కిందికి లాగితే, దిమ్మకున్న కన్నంలోంచి డ్రిల్లు దిగి చెక్కపొట్టు చిమ్ముతుంది. ఆ దిమ్మలన్నీ చేసిన పెద్దాయన పోయి రెండేళ్ళయింది. ఇది ఇలా ఎందుకు, అది అలా ఎందుకని ఆమె అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు: "నాకూ తెలీదమ్మా, ఎవరో గీసిచ్చిన బొమ్మ చూసి చేశాను. దిమ్మకి తెలుసు. నువ్వు పిడి లాగు." నాలుగేళ్ళుగా ఆమె ఎందుకో తెలియకుండానే పిడి లాగుతోంది.

కొత్త దిమ్మలో మొదటి బంతి బిగించి మూడు రంధ్రాలూ వేసింది. నిజమే, చిటికెలో అయిపోయింది. బంతిని తీసి, రంధ్రాల్లో ఊది, మూడు పుల్లలు గుచ్చి, మూడు తెల్ల బంతులు తగిలించి బల్ల మీద పెట్టింది. అమ్మోనియా వెల్లకిలా పడుకుంది. ఫ్యాను రెక్కల్లాగా మూడు పుల్లలూ మూడు వైపులకి చాపుకుని, బల్లకి అతుక్కుపోయింది.

షెల్ఫులోంచి పాత అమ్మోనియా తీసి పక్కన పెట్టింది. అది ముక్కాలిపీటలాగా మూడు తెల్ల కాళ్ళ మీద నిలబడి, నీలం బంతిని పైకెత్తి పట్టుకుంది. రెండింటినీ కాసేపు చూసింది. తర్వాత రెండూ చెరో చేత్తో పట్టుకుని మేస్త్రీ బల్ల దగ్గరికి నడిచింది.

"మేస్త్రీగారూ, ఇది తప్పు. ఇది లేచి నిలబడాలి."

"ఎందుకు నిలబడాలి?"

ఆమె రెండు బొమ్మలూ అతని బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

మేస్త్రీ చెడ్డవాడు కాదు. తిట్టడు, కసరడు, ఎవరేం చెప్పినా వింటాడు. విని, తనకి తోచిందే చేస్తాడు, అంతే. సొరుగులోంచి లేత గులాబీరంగు బంతి ఉన్న పాత బొమ్మ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. అది బోరాన్. దానికీ మూడే రంధ్రాలు, మూడు పుల్లలు. బల్ల మీద చక్కగా పడుకుంది.

"ఇదీ పెద్దాయన చేసిందే కదా? దీనికీ మూడే, దానికీ మూడే. ఇది పడుకుంటే తప్పు లేదు గానీ, అది పడుకుంటే తప్పా? ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెడితే ఎలా అక్కా?" అని పెట్టెతో పాటు పంపే చిన్న పుస్తకం తెరిచి చూపించాడు. అందులో నైట్రోజన్ అక్షరం, చుట్టూ మూడు గీతలు, గీతల చివర హైడ్రోజన్లు. "పుస్తకంలో కూడా పడుకునే ఉంది."

"కాగితం మీద అన్నీ పడుకునే ఉంటాయండీ."

మేస్త్రీ ఒక్క క్షణం తల గోక్కున్నాడు. ఆ మాట అతనికి నచ్చింది. కానీ శుక్రవారానికి మూడు వందల పెట్టెలు బయల్దేరాలి, ఆ రోజు అప్పుడే సోమవారం. "కారణం ఒకటి చెప్పు, మెషిన్ ఆపేస్తాను. ఊరికే మనసుకి ఏదోలా ఉందంటే మాత్రం ఆపలేను. గురువారం రంగులో ముంచుతాం. ఈలోగా చెప్పు."

ఆమె తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది. చెత్తడబ్బాలో పడేసిన పాత దిమ్మ తీసి, దుమ్ము దులిపి, కాళ్ళ దగ్గర పెట్టుకుంది. బంతిని తిప్పి తిప్పి అరిగిపోయిన దిమ్మ అది. దానికి అసలు ఉన్నవి నాలుగు కన్నాలు. ఒకదాన్ని పెద్దాయన ఇత్తడి బిరడాతో మూసేశాడు. నాలుగు కన్నాలు చెయ్యడమెందుకు, ఒకటి పనిగట్టుకుని మూసెయ్యడమెందుకు అని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు మళ్ళీ అనుకుంది. అనుకుని, కొత్త దిమ్మలో రెండో బంతి బిగించింది.

ఇంటికి వెళ్ళేసరికి భర్త కిటికీ దగ్గర కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో చేతి గడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పిన తీరు చూసే సంగతి పట్టేశాడు.

"ఇవాళ ఏ పరమాణువు ఎదురు తిరిగింది?"

చెప్పింది. చెబుతూనే చేతులు కడుక్కుంది, స్టవ్ వెలిగించింది, అన్నం గిన్నె పెట్టింది. అతను మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. అంతా అయ్యాక భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"దీనికి జవాబు తెలిసిన మనిషి మనకి ఒక్కతే ఉంది."

ఆమె గరిట తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆ ఒక్క మనిషీ ఆమె చెల్లెలు. నాలుగేళ్ళ కిందటి వరకూ ఈ ఇంట్లోనే, ఈ కిటికీ దగ్గరే కూర్చుని చదువుకున్న పిల్ల. కెమిస్ట్రీ టీచరు ఉద్యోగానికి పక్క వీధి బడివాళ్ళు పిలిచి, ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. అప్పట్లో బంతులక్క బంతులక్క కాదు, లెక్కల చట్రాలకి పూసలు చేసేది. చెల్లెలు అడగలేదు, చెయ్యమనలేదు. తనే ముచ్చటపడి, పని అయ్యాక ఆగి, ఒక ఎర్ర బంతికి రంధ్రాలు వేసి రెండు తెల్ల బంతులు తగిలించి, "ఇదిగో నీ నీళ్ళ బొమ్మ, క్లాసులో చూపించు" అని చేతిలో పెట్టింది. రెండు రంధ్రాలంటే ఆమె చేతికి తెలిసింది ఒకటే: ఇటు నుంచి అటు తిన్నగా, పూసకి వేసినట్టు. చెల్లెలు హడావుడిలో దాన్ని గుడ్డసంచిలో పడేసుకుని వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి, బొమ్మని బల్ల మీద పెట్టి, "నీళ్ళు వంగి ఉంటాయక్కా" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. బడి పెద్ద ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని పిల్లలకి చూపించి నవ్వాడని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నెల తిరక్కుండానే చెల్లెలికి ఒక రాత్రంతా ప్రయాణం చేస్తే గానీ చేరలేని ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఆ బొమ్మ ఏమైందో ఆమెకి తెలియదు. పారేసి ఉంటుందనుకుంది.

చెల్లెలు ఉత్తరాలు రాసింది. ఆమె ప్రతి ఉత్తరం పదిసార్లు చదివింది. జవాబు రాయాలని కాగితం ముందు పెట్టుకుంటే మొదటి వాక్యమే దొరికేది కాదు. జవాబులు భర్త రాసేవాడు. ఏడాది తిరిగేసరికి ఉత్తరాలు పలచబడ్డాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఆ రెండో రంధ్రం ఒక్కటి కాస్త పక్కకి పడి ఉంటే చెల్లెలు పక్క వీధిలోనే ఉద్యోగం చేసుకుంటూ రోజూ సాయంత్రం ఈ గడప తొక్కేది కదా అని, డ్రిల్లు పిడి లాగిన ప్రతిసారీ కాకపోయినా, రోజుకి రెండుమూడుసార్లు ఆమెకి అనిపిస్తుంది.

"బడి నంబరు నా దగ్గరుంది. ఉత్తరం మీద అచ్చు వేసి ఉంటుంది కదా," అన్నాడు భర్త.

"నాలుగేళ్ళు నోరెత్తకుండా ఇప్పుడు అవసరం పడిందని ఫోన్ చేస్తే ఏమనుకుంటుంది?"

"అవసరం పడిందనుకుంటుంది."

"నీకు అన్నీ వేళాకోళమే."

"నాదేం పోయింది. నేను బావని. నాకు ఎప్పుడూ బాగానే రాసేది," అంటూ భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు. "ఆ చివర మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఒకటే ప్రశ్న. అక్క ఎలా ఉంది, అక్క ఎందుకు రాయదు అని."

"ఆ మాట నాకు చెప్పలేదేం?"

"నువ్వు పదిసార్లు చదివావుగా. నేను చెప్పాలా?"

మంగళవారం నూట యాభై బంతులు వేసింది. బుధవారం మధ్యాహ్నానికి పక్కనున్న బుట్ట నిండి, రెండో బుట్ట సగానికొచ్చింది. అన్నీ రంగు లేని చెక్క బంతులు, అన్నీ నున్నగా ఉన్నవి, అన్నీ తప్పువి. వీటిని పెట్టెల్లో సర్దుతారు, ఎక్కడెక్కడి బడులకో పంపుతారు. ఎక్కడో ఒక టీచరమ్మ, కొత్తగా చేరిన పిల్లే అయి ఉంటుంది, పడుకున్న అమ్మోనియాని చేతిలో పట్టుకుని క్లాసు ముందు నిలబడుతుంది. ఎవరో దాన్ని చూసి నవ్వుతారు. ఆ పిల్ల సాయంత్రం ఇంటికెళ్ళి బొమ్మని బల్ల మీద పెడుతుంది.

ఆమె మెషిన్ ఆపింది. గాలికి ఎగిరిన పొట్టు మొహం మీంచి తుడుచుకుంది. అన్నం డబ్బా తెరవకుండానే, భర్త రాసిచ్చిన నంబరు చీటీ పట్టుకుని సందు చివరి టెలిఫోను బూత్‌కి నడిచింది.

బడి గుమాస్తా ఎత్తాడు. కెమిస్ట్రీ టీచరు కావాలంది.

"ఎవరు మాట్లాడేది?"

"అక్కని." ఆ ఒక్క మాట పైకి అని నాలుగేళ్ళయింది. "అక్క మాట్లాడుతోందని చెప్పండి."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, దూరంగా పిల్లల గోల. తర్వాత గబగబా వస్తున్న అడుగులు. ఆ అడుగులు ఎవరివో ఫోన్లో కూడా ఆమె గుర్తుపట్టింది.

"అక్కా? ఏమైంది? బావకి ఏమన్నా..."

"ఏం కాలేదు, ఏం కాలేదు. బావ బాగానే ఉన్నాడు." అడగాలనుకున్నవన్నీ ఒక్కసారే నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. చివరికి బయటపడింది ఇది: "బుజ్జీ, అమ్మోనియా ఎందుకు లేచి నిలబడుతుంది?"

నవ్వుతుందేమో, ఫోన్ పెట్టేస్తుందేమో అనుకుంది. చెల్లెలు రెండూ చెయ్యలేదు. గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టింది.

"నైట్రోజన్ చుట్టూ నాలుగు ఎలక్ట్రాన్ జతలు ఉంటాయక్కా. మూడు జతలు తలా ఒక హైడ్రోజన్ని పట్టుకుంటాయి. నాలుగో జత ఎవరినీ పట్టుకోదు. అందుకే బొమ్మలో అది కనపడదు. కనపడకపోయినా అక్కడే ఉంటుంది. దానికీ చోటు కావాలి. నిజానికి అందరికంటే దానికే ఎక్కువ చోటు కావాలి. అందుకని మిగతా మూడింటినీ కిందికి నెడుతుంది."

"మరి బోరాన్?"

"దానికి ఆ నాలుగో జత లేదు. ఉన్నవి మూడే. ఒకదానికొకటి వీలైనంత ఎడంగా జరిగితే హాయిగా పడుకుంటాయి." చెల్లెలి మాట వేగం పుంజుకుంది, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టే. "నువ్వు మూడు బుడగలు ఊది మూతులు కలిపి కట్టు. తర్వాత నాలుగు కట్టు. నువ్వేం సర్దనక్కర్లేదు, అవే సర్దుకుంటాయి. అందులో ఒకటి కనపడటం లేదనుకో. అంతే అమ్మోనియా."

ఆమె ఫోన్ తీగని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నీళ్ళకి కూడా అంతేనా?"

అవతల ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారిన చప్పుడు.

"నీళ్ళకి కూడా నాలుగు జతలేనక్కా. అందులో ఎవరినీ పట్టుకోనివి రెండు."

"అందుకే వంగుతాయా?"

"అందుకే వంగుతాయి."

"నాకు అప్పుడు తెలీదే," అంది ఆమె. నాలుగేళ్ళుగా కాగితం మీదికి రాని మొదటి వాక్యం అదే. కానీ అప్పటికే అవతల గణగణమని గంట మోగింది, పిల్లల గోల పొంగింది, చెల్లెలు విన్నదో లేదో తెలియలేదు. "గంట కొట్టారక్కా, వెళ్ళాలి. అక్కా, ఆ బొమ్మ..." అంటుండగానే లైను తెగిపోయింది.

మళ్ళీ చేద్దామనుకుని ఫోన్ ఎత్తింది. క్లాసులో ఉంటుందిలే అనుకుని పెట్టేసింది. ఆ బొమ్మ ఏమైంది? పారేశానని చెప్పబోయిందా? అక్కా అని ఎన్నిసార్లు అంది? లెక్క కట్టుకుంటూ వర్క్‌షాపు దాకా నడిచింది.

గురువారం ఉదయం మేస్త్రీ వచ్చేసరికి అతని బల్ల మీద రెండు బుడగల గుత్తులున్నాయి. ముందు రోజు సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కూర్చుని, మూడు పగలగొట్టుకుని, మిగతావి ఊదారు. భర్త ఊదడం కంటే నవ్వడం ఎక్కువ చేశాడు.

"ఎవరి పుట్టినరోజు?" అన్నాడు మేస్త్రీ.

"మీరు అడిగిన కారణమండీ."

మూడు బుడగల గుత్తి బల్ల మీద వెడల్పుగా పడుకుంది. నాలుగు బుడగల గుత్తిని పెడితే మూడింటి మీద నిలబడి నాలుగోదాన్ని పైకెత్తింది. మేస్త్రీ దాన్ని అరచేత్తో అదిమాడు. చెయ్యి తియ్యగానే లేచింది. పక్కకి వంచాడు. మళ్ళీ లేచింది. చెల్లెలు చెప్పినదాన్ని ఆమె ఉన్నదున్నట్టు అప్పజెప్పింది, ఒక్క మాట కూడా తగ్గకుండా. పై బుడగ చూపించి, ఇది బొమ్మలో కనపడదు, కానీ ఉంటుంది అంది. తర్వాత పాత దిమ్మ తెచ్చి, ఇత్తడి బిరడా మీద వేలు పెట్టింది.

"పెద్దాయన నాలుగు కన్నాలు చేసి ఒకటి మూసింది ఇందుకే. ఆయనకీ తెలీదు. బొమ్మ గీసిచ్చినవాళ్ళకి తెలుసు."

మేస్త్రీ బుడగలతో ఇంకో రెండు నిమిషాలు ఆడుకున్నాడు. తర్వాత మొహం వాడిపోయింది. కుర్చీలో కూలబడి, "మాట ఇచ్చాను, మెషిన్ ఆపుతాను. కానీ అక్కా, రెండు బుట్టలు వేశాం. రేపు పెట్టెలు వెళ్ళాలి. ఇవన్నీ పొయ్యిలోకేనా? యజమాని నన్ను కూడా అందులోనే పెడతాడు," అన్నాడు.

ఆమె బుట్టలోంచి ఒక బంతి తీసింది. మూడు రంధ్రాలు, రంగు లేని చెక్క, మూడు వైపులా సమానం. దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దీనికి ఇంకా రంగు వెయ్యలేదు కదండీ."

"వెయ్యలేదు."

"నీలం వేస్తే తప్పు. గులాబీ వేస్తే ఇది బోరాన్. పెట్టెకి ఒక బోరాన్ కావాలి, ఇంకా మొదలే పెట్టలేదు. పాత దిమ్మ అరిగిపోయింది కదా, నీలం బంతుల్ని కార్బన్ దిమ్మలో వేస్తాను. దానికి నాలుగు కన్నాలున్నాయి, ఒకటి వదిలేస్తే సరి. ఇవాళ పొద్దుపోయేదాకా ఉంటాను, రేపు పెందలాడే వస్తాను."

మేస్త్రీ ఆమె వంక చూశాడు, బుట్టల వంక చూశాడు. లేచి నిలబడి రంగులవాళ్ళని కేకేశాడు, గులాబీ డబ్బా తెరవమని. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఇదంతా నీకెవరు చెప్పారక్కా?"

"మా చెల్లెలు. టీచరు," అంది. ఆ వర్క్‌షాపులో ఆ మాట ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి, మెషిన్ దగ్గరికి వెళ్ళి బంతి బిగించింది.

పెట్టెలు శుక్రవారం సాయంత్రం వెళ్ళాయి. యజమాని వచ్చి కొత్త బోరాన్లని మెచ్చుకున్నాడు. మేస్త్రీ ఆ మెప్పంతా తన ఖాతాలో వేసుకుని మీసం దువ్వుకున్నాడు. ఆమె పట్టించుకోలేదు. ధ్యాసంతా లైను తెగినప్పుడు ఆగిన ఆ సగం మాట మీదే ఉంది. శనివారం, ఆదివారం, సోమవారం. పోస్టుమాన్ సైకిలు గంట వినపడ్డప్పుడల్లా భర్త తల ఎత్తకుండానే "మనది కాదు" అనేవాడు.

మంగళవారం అతను ఆ మాట అనలేదు. ఆమె పని నుంచి వచ్చేసరికి గడియారాలన్నీ పక్కకి జరిపి, బల్ల మధ్యలో చిన్న అట్టపెట్టె ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. విప్పలేదు.

"నీ పేర వచ్చింది. నాకు కాదు," అన్నాడు.

అట్టపెట్టె నిండా నలిపిన పరీక్ష కాగితాలు. వాటి మధ్యలో ఒక బొమ్మ. మధ్య నల్ల బంతి, అటొకటి ఇటొకటి చిన్న ఎర్ర బంతులు, ఇటు నుంచి అటు తిన్నగా. ఎక్కడిదో అర్థం కాలేదు. వర్క్‌షాపులో ఎర్ర బంతులు ఇంత చిన్నవి ఉండవు. ఒక పుల్ల లాగి చూసింది. రంధ్రం అంచున చెక్క చిన్న పెచ్చు లేచి ఉంది, డ్రిల్లు ఆగకుండా అవతలికి దూసుకుపోతే లేచే పెచ్చు, పూసలు చేసే చేతిది. ఆ పెచ్చు కింద, నలుపు అంటని చోట, పాత ఎరుపు ఇంకా కనపడుతోంది. ఆమె చప్పున కుర్చీలో కూర్చుంది.

ఉత్తరం చిన్నదే.

"అక్కా, ఇది పారేశాననుకున్నావు కదూ. నాతోనే తెచ్చుకున్నాను. మొదటి ఏడాది చూడలేక పెట్టె అడుగున పెట్టాను. రెండో ఏడాది రంగు మార్చాను. ఇప్పుడిది బొగ్గుపులుసు వాయువు. మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్లు. కార్బన్ దగ్గర ఎవరినీ పట్టుకోని జత ఒక్కటీ లేదు, అందుకని ఇది తిన్నగానే ఉంటుంది. నువ్వు వేసిన రంధ్రాలు సరైనవే, రంగే వేరేది పడాలి. ఏటా అణువుల ఆకారాల పాఠం దీంతోనే మొదలుపెడతాను, మా అక్క చేసిందని చెప్పి. జవాబులు బావే రాస్తుంటే నీకు నా మీద కోపమనుకున్నాను. ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. సెలవులకి వస్తున్నాను. నాకు నీళ్ళు ఒకటి చేసి ఉంచు."

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి చదవడానికి అక్షరాలు కనపడలేదు. భర్త ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని తనూ చదివాడు. బొమ్మని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, భూతద్దంతో ఆ పెచ్చుని పరీక్షగా చూశాడు.

"నువ్వు మొన్న మేస్త్రీకి చెప్పిందే ఇది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలని వేరే చెప్పాలా!" అన్నాడు.

మర్నాడు ఆమె అందరికంటే ముందు వర్క్‌షాపుకి వెళ్ళింది. నీళ్ళ దిమ్మ తీసి, తుడిచి, మెషిన్ మీద బిగించింది. బుట్టలోంచి ఏరి ఏరి, గీత లేని బంతి ఒకటి ఎంచుకుంది. మొదటి రంధ్రం వేసింది. బంతిని తిప్పి రెండోది వేసింది, ఎదురుగా కాదు, పక్కకి. రంధ్రాల్లో ఊది, గరుకు కాగితంతో అంచులు నునుపు చేసి, ఎర్ర రంగులో ముంచి, కిటికీ దగ్గర తీగకి వేలాడదీసింది. రంగు ఆరడానికి ఒక్క పూట చాలు. సెలవులకి ఇంకా ఏడు వారాలున్నాయి.